గాలి ఉచితమే, ఖరీదంతా సముద్రానిది

◆ సముద్రంలో గాలిమరలు పెట్టుకునే హక్కును ఎవరికిస్తారు? ఎక్కువ పాడినవాడికో, తక్కువ సబ్సిడీ అడిగినవాడికో ఇస్తారనుకుంటాం. 2021 డిసెంబరులో డెన్మార్క్‌లో ఆ వ్యవహారం చీటీల దాకా వెళ్లింది. పశ్చిమ తీరానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ‘థోర్’ అనే వెయ్యి మెగావాట్ల ప్రాజెక్టుకు బిడ్లు పిలిస్తే, ఒకరికి మించి పోటీదారులు నిబంధనలు ఒప్పుకున్న అట్టడుగు ధరే వేశారు. ఆ ధర వేశారంటే సబ్సిడీ అక్కర్లేదని చెప్పడమే కాదు, ఎదురు ప్రభుత్వానికే 280 కోట్ల క్రోనర్లు కడతామని ఒప్పుకున్నట్టు. సమానంగా నిలిచినవాళ్ల మధ్య చీటీ తీస్తే జర్మనీ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈకి తగిలింది. సరిగ్గా మూడేళ్లకి, 2024 డిసెంబరులో, అదే డెన్మార్క్ ఉత్తర సముద్రంలో మూడు వేల మెగావాట్లకు టెండరు పిలిచింది. ఒక్క బిడ్డూ రాలేదు. ఈలోగా సామగ్రి ధరలు పెరిగాయి, వడ్డీలు పెరిగాయి. చివరికి సర్కారే దిగొచ్చి, సబ్సిడీ ఇస్తాం రండి అంది.

◆ అసలు నేల మీద ఇంత చోటుండగా నడిసంద్రానికి ఎందుకు పోవాలి? లెక్క చిన్నదే. గాలిలోని శక్తి దాని వేగపు ఘనం (మూడో ఘాతం) చొప్పున పెరుగుతుంది. సెకనుకు 7 మీటర్ల గాలికీ 9 మీటర్ల గాలికీ తేడా మన చెంపకు సరిగా తెలియను కూడా తెలియదు. టర్బైన్‌కు మాత్రం రెండోది రెండింతలకు పైగా శక్తి. సముద్రం మీద కొండలూ చెట్లూ మేడలూ అడ్డు రావు కాబట్టి గాలి జోరుగా, నిలకడగా వీస్తుంది.

రెండో కారణం రోడ్లు. అనంతపురం, కర్నూలు వైపు ప్రయాణం చేసేవాళ్లకు ఈ దృశ్యం కొత్తకాదు: పొడవాటి ట్రెయిలర్ మీద ఒకే ఒక్క రెక్క, ముందొక జీపు, వెనకొక జీపు, మలుపు దగ్గర గంటసేపు ఆగిపోయిన బస్సులు. నేల మీద రెక్క ఎంత పొడవుండాలో చాలావరకు ఆ మలుపులే తేలుస్తాయి. సముద్రానికైతే ఫ్యాక్టరీనే రేవు ఒడ్డున కట్టి, రెక్కను నేరుగా ఓడలోకి ఎక్కిస్తారు. అందుకే అక్కడ వంద మీటర్లు దాటిన రెక్కలు మామూలైపోయాయి.

◆ సముద్రపు గాలిమరల ఊహ ఒక జలాంతర్గాముల ఇంజినీరుది. అమెరికా నౌకాదళంలో పనిచేసి, తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన విలియం హెరొనీమస్ 1970ల మొదట్లోనే తేలే గాలిమరల బారుల్ని ప్రతిపాదించాడు. వాటితో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలన్నది ఆయన ఆలోచన. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈనాటి ‘గ్రీన్ హైడ్రోజన్’ పత్రాలు చదువుతుంటే సగం ఆయన ఫైలు నుంచి తీసినట్టే ఉంటాయి.

◆ నీళ్లలో నిలబెట్టిన తొలి టర్బైన్ స్వీడన్‌లో, 1990లో, నోగెర్‌సుండ్ దగ్గర. ఒక్కటే ఒక్కటి, 220 కిలోవాట్లు.

◆ గాలిమరల తోట అనదగ్గ మొదటిది మాత్రం డెన్మార్క్‌లోని విండెబీ. 1991లో లోలాండ్ దీవి పక్కన 11 టర్బైన్లు పెట్టారు, ఒక్కొక్కటి 450 కిలోవాట్లు. పాతికేళ్లు తిరిగి, 2017లో విప్పేసేనాటికి అన్నీ కలిసి ఇచ్చింది సుమారు 24 కోట్ల 30 లక్షల యూనిట్లు. ఇప్పుడు బ్రిటన్ తీరానికి దూరంగా డాగర్ బ్యాంక్‌లో పెడుతున్న 13 మెగావాట్ల యంత్రం ఒక్కటి, ఏడాదిలో సగటున సగం సామర్థ్యంతో తిరిగినా, ఆ పదకొండూ జీవితకాలంలో ఇచ్చినదాన్ని నాలుగున్నరేళ్లలోపే ఇచ్చేస్తుంది. విండెబీకి వచ్చిన డబ్బు పెద్దదేమీ కాదు. ఉప్పునీళ్లలో టర్బైన్ బతుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, దాని ఉపయోగం అది.

◆ ఆ 13 మెగావాట్ల యంత్రం రెక్కలు తిరిగే వృత్తం వ్యాసం 220 మీటర్లు. విస్తీర్ణం లెక్కేస్తే తొమ్మిదెకరాలు దాటుతుంది.

◆ ఎంత గొప్ప టర్బైనైనా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి పట్టలేదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919 ప్రాంతంలోనే తేల్చాడు. కారణం సులువు: మొత్తం శక్తి లాగేస్తే గాలి అక్కడే ఆగిపోవాలి. ఆగిన గాలి పక్కకు తప్పుకోకపోతే వెనకొచ్చే గాలికి దారేదీ?

◆ రెక్కను తినేసేది తుఫాను కాదు, వాన. పెద్ద టర్బైన్ దూరం నుంచి చూస్తే బద్ధకంగా, నిమిషానికి ఏడెనిమిది చుట్లే తిరుగుతున్నట్టుంటుంది. కానీ రెక్క కొస గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో గాలిని కోస్తుంటుంది. ఆ వేగంలో ఎదురయ్యే ప్రతి చినుకూ ఒక చిన్న దెబ్బ. ఏళ్ల తరబడి లక్షల దెబ్బలు పడితే ముందు పెయింటు పొక్కులొస్తుంది, తర్వాత అంచు గరుకవుతుంది, ఆపైన లోపలి ఫైబర్‌గ్లాస్ బయటపడుతుంది. అంచు గరుకైతే గాలి నున్నగా జారదు, ఉత్పత్తి తగ్గుతుంది. డెన్మార్క్‌లోని అన్‌హోల్ట్ ప్రాజెక్టులో 111 టర్బైన్లు. మొదలైన ఐదేళ్లకే రెక్కల అంచులు మరమ్మతుకు వచ్చాయి. భారీ వాన పడుతున్న కాసేపూ యంత్రాన్ని నెమ్మదిగా తిప్పితే రెక్క ఆయుష్షు పెరుగుతుందా అని ఇప్పుడు పరిశోధనలు చేస్తున్నారు. ఆ కాసేపు పోయే యూనిట్లు, మరమ్మతు ఓడకు పెట్టే ఖర్చు ముందు గాలికి పోయే పేలపిండే.

◆ ఓడ ఖర్చు ఎంతటిదో హార్న్స్ రెవ్ చెబుతుంది. 2002లో డెన్మార్క్ ఉత్తర సముద్రంలో పెట్టిన 80 టర్బైన్ల తోట ఇది, అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. ఉప్పుగాలీ తేమా సోకి ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు వరసగా మొరాయించాయి. 2004లో ఎనభై టర్బైన్ల నెత్తిన ఉన్న నాసెళ్లనూ, అంటే జనరేటర్ ఉండే పెట్టెల్ని, ఒక్కొక్కటిగా దింపి, ఒడ్డుకు తెచ్చి బాగుచేసి, మళ్లీ తీసుకెళ్లి ఎక్కించారు. అప్పటి నుంచి సముద్రపు నాసెల్ అంటే గాలి చొరబడకుండా బిగించి, లోపల తేమను తీసేసే యంత్రాలు పెట్టడం ఆనవాయితీ అయింది.

అదే హార్న్స్ రెవ్ ఇంకో రకంగానూ ప్రసిద్ధి. 2008 ఫిబ్రవరి 12న అక్కడ తీసిన ఫొటో ఈ రంగంలో చూడనివాళ్లుండరు. ఆరోజు గాలిలో తేమ సరిగ్గా సరిపోయింది. ముందు వరస టర్బైన్లు చిలికిన గాలి మంచు తోకలుగా మారి, వెనక వరసల మీదుగా బారులు తీరింది. కంటికి కనబడని విషయం కనబడింది: ముందున్నవాడు వాడేసిన గాలే వెనకవాడికి మిగులుతుంది. టర్బైన్ల మధ్య కిలోమీటరు దూరం వదలడం అందుకే. ఇప్పుడు ఉత్తర సముద్రంలో పక్కపక్క ప్రాజెక్టుల మధ్య ‘నా గాలి నువ్వు తీసుకున్నావు’ అనే తగాదాలు కూడా మొదలయ్యాయి. మన పొలాల దగ్గర కాలవ నీళ్ల పంచాయితీ చూసినవాళ్లకు ఇందులో కొత్తేముంది?

◆ పునాది వేయడం చూడముచ్చటగా ఉండదు, చెవులకు అసలే బాగుండదు. ఎక్కువ చోట్ల ‘మోనోపైల్’ అనే ఒకే ఉక్కు గొట్టం వాడతారు. వ్యాసం ఎనిమిది, తొమ్మిది మీటర్లు. బరువు వెయ్యి టన్నుల పైమాటే. నాలుగు కాళ్లూ సముద్రం అడుగున ఆనించి, తనను తాను నీటిపైకి లేపుకునే ఓడ ఒకటి వచ్చి నిలబడుతుంది. దాని క్రేను గొట్టాన్ని నిలువుగా పట్టుకుంటే, పైనుంచి హైడ్రాలిక్ సుత్తి వేల దెబ్బలు కొడుతుంది. గంటల తరబడి ఆ మోత నీళ్లలో కిలోమీటర్ల దూరం పాకుతుంది. డాల్ఫిన్లకు దగ్గర చుట్టమైన పోర్పస్ అనే ప్రాణి చెవితోనే దారి వెతుక్కుంటుంది, చెవితోనే వేటాడుతుంది. దానికి ఈ మోత పెద్ద ముప్పు.

అందుకని జర్మనీ హద్దు పెట్టింది: ఒక్కో సుత్తి దెబ్బ ధ్వని 750 మీటర్ల దూరంలో 160 డెసిబెల్స్ దాటకూడదు. దాన్ని పాటించడానికి వేసే ఎత్తు ఇది: సుత్తి మొదలెట్టే ముందు గొట్టం చుట్టూ సముద్రం అడుగున చిల్లులున్న పైపును వలయంగా పరుస్తారు. పక్కనున్న ఓడలోంచి కంప్రెసర్లు గాలి పంపిస్తాయి. అడుగు నుంచి ఉపరితలం దాకా బుడగల తెర లేస్తుంది. నీళ్లలో హాయిగా వెళ్లే శబ్దం బుడగ తగలగానే చెదిరిపోతుంది. ఈ మొత్తం పరిశ్రమలో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. పెట్టుబడి గాలీ, చిల్లుల పైపూ.

◆ స్తంభం అడుగుభాగం పసుపు రంగులో ఎందుకుంటుంది? ఓడలవాళ్లకు కనబడడానికి. పెద్ద పోటు వచ్చినప్పటి నీటిమట్టం నుంచి 15 మీటర్ల ఎత్తు దాకా పసుపు పూయాలన్నది అంతర్జాతీయ సూచన.

◆ మరమ్మతుకు వెళ్లే టెక్నీషియన్ రోజు ఇలా మొదలవుతుంది. పడవ ముక్కుకు మందపాటి రబ్బరు దిమ్మ ఉంటుంది. సరంగు ఆ ముక్కును స్తంభానికున్న రెండు ఉక్కు కమ్మీలకు ఆనించి, ఇంజను ఆపకుండా ముందుకే నెడుతూ ఉంటాడు. రబ్బరు ఒరిపిడికి పడవ ముక్కు కాసేపు కదలకుండా అతుక్కుంటుంది. ఆ కాసేపట్లోనే నడుముకు తాడు తగిలించుకున్న మనిషి అడుగు పక్కకు వేసి నిచ్చెన పట్టుకోవాలి. అల ఒకటిన్నర మీటరు దాటితే ఈ పని కుదరదు, రోజు వృథా. ఆ వృథా తగ్గించడానికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఇంజినీర్లు ‘ఆంపెల్‌మన్’ అనే వంతెన చేశారు. ఓడ ఎంత ఊగినా కింది ఆరు హైడ్రాలిక్ కాళ్లు ఆ ఊపును ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. వంతెన మాత్రం కదలదు, మనిషి చేతిలో సంచితో నడిచిపోతాడు. పేరేమో తూర్పు బెర్లిన్ ట్రాఫిక్ సిగ్నళ్లలో టోపీ పెట్టుకుని నడిచే బొమ్మది.

◆ పుట్టిన కరెంటును ఒడ్డుకు చేర్చడం వేరే కథ. సముద్రపు అడుగున పరిచే ఏసీ కేబులు నిడివి పెరిగేకొద్దీ పెద్ద కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. సెకనుకు 50 సార్లు దాన్ని నింపడం, ఖాళీ చేయడం; ఆ పనికే కేబులు సత్తువంతా పోతుంటే వాడకానికి మిగిలేది తగ్గుతుంది. తీరానికి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న డాగర్ బ్యాంక్‌లో అందుకే సముద్రం మధ్యలోనే డీసీగా మార్చి పంపుతారు. డీసీ పక్షాన నిలిచి ఒకప్పుడు ఓడిపోయిన ఎడిసన్ ఇక్కడ పందెం గెలిచాడు.

◆ గ్రిడ్‌కు పెద్ద తోటను కలపడం ఎంత సున్నితమో 2019 ఆగస్టు 9 సాయంత్రం లండన్‌కు తెలిసింది. లండన్‌కు ఉత్తరాన ఒక లైను మీద పిడుగు పడింది. అలాంటివి మామూలే, గ్రిడ్ తట్టుకోవాలి. కానీ అదే నిమిషంలో ఒక గ్యాస్ ప్లాంటూ, సముద్రంలోని హార్న్‌సీ వన్ తోటలో 737 మెగావాట్లూ పడిపోయాయి. హార్న్‌సీ నియంత్రణ వ్యవస్థ ఆ చిన్న ఒడుదుడుకుకు తడబడి, యంత్రాల్ని తనంతట తానే విడగొట్టుకుంది. పది లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది; రైళ్లు గంటల తరబడి పట్టాల మీదే నిలిచిపోయాయి. పిడుగు తప్పేమీ లేదు, సాఫ్ట్‌వేర్‌ది.

◆ డాగర్ బ్యాంక్ ఒకప్పుడు నేల. మంచుయుగంలో బ్రిటన్ నుంచి యూరప్‌కు నడిచి వెళ్లగలిగేవాళ్లు. 1931లో ‘కొలిండా’ అనే చేపల ఓడ ఉత్తర సముద్రంలో వల లాగితే పీట్ మట్టి ముద్ద వచ్చింది. అందులో జింక కొమ్ముతో చెక్కిన ముళ్ల బల్లెం మొన. మునిగిపోయిన ఆ సీమను పురావస్తువాళ్లు డాగర్‌లాండ్ అంటారు. ఇప్పుడు టర్బైన్ల పునాదుల కోసం కంపెనీలు సముద్రం అడుగును అంగుళం అంగుళం స్కాన్ చేస్తుంటే, ఆ పాత నదులూ చెరువులూ పటాలకెక్కుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పేలని బాంబులు కూడా అదే స్కానులో దొరుకుతున్నాయి.

◆ పక్షులన్నీ రెక్కలకు తగిలి చస్తాయన్న భయం ఉంది. డెన్మార్క్‌లోని నిస్టెడ్ దగ్గర రాడార్‌తో గమనిస్తే, వలస వెళ్లే బాతులు, హంసజాతి పక్షులు చాలావరకు తోటను చుట్టి పోయాయి. టర్బైన్లకు ప్రమాదకరమైనంత దగ్గరగా వెళ్లినవి ఒక శాతం లోపే. అలాగని అన్ని జాతుల విషయంలో ధీమా పనికిరాదు. ‘లండన్ అరే’ అనే తోట రెండో దశను 2014లో వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం ఎర్ర గొంతు డైవర్ అనే పక్షే. హార్న్‌సీ త్రీ కంపెనీ అయితే కిట్టివేక్ పక్షులకు పరిహారంగా సఫోక్ తీరంలో, నీళ్లలోనే, గూళ్ల మేడలు కట్టించింది.

◆ సీల్ ప్రాణులకు మాత్రం ఇది హోటలు. పునాది గొట్టాలకు ఆల్చిప్పలు పట్టేస్తాయి, వాటి కోసం పీతలూ చేపలూ చేరతాయి. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో సీళ్లకు జీపీఎస్ తగిలించి చూశారు. కొన్ని సీళ్లు ఒక టర్బైన్ నుంచి పక్క టర్బైన్‌కు, అక్కడి నుంచి ఇంకోదానికి, సరళరేఖల్లో తిరిగాయి. వాటి దారి పటం మీద గీస్తే ఆ తోట నక్షానే వచ్చింది.

◆ రెక్క లోపల ఏముంటుంది? పైన గాజు పీచు, రెసిన్. మధ్యలో చాలాచోట్ల బాల్సా చెక్క. చెక్కల్లోకెల్లా తేలికైనవాటిలో ఒకటి. ప్రపంచానికి కావాల్సిన బాల్సాలో అత్యధిక భాగం ఈక్వడార్‌దే. 2020 ప్రాంతంలో టర్బైన్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగి, అమెజాన్ నదుల ఒడ్డున ఆదివాసీ గ్రామాల్లో బాల్సా చెట్లను అడ్డూ ఆపూ లేకుండా నరికారు. పచ్చ కరెంటు చిట్టాలో ఈ పద్దు సాధారణంగా కనబడదు.

◆ కోపెన్‌హేగన్ ఒడ్డున నిలబడితే కనిపించే మిడెల్‌గ్రుండెన్ తోట 2000లో వచ్చింది. ఇరవై టర్బైన్లలో సగం ఒక సహకార సంఘానివి. 40,500 వాటాలు, ఎనిమిదిన్నర వేల మందికి పైగా సభ్యులు. ఒక్క వాటా అంటే ఏడాదికి వెయ్యి యూనిట్ల ఉత్పత్తి. తమ కిటికీలోంచి కనిపించేది తమదే అయినప్పుడు దృశ్యం చెడిందన్న ఫిర్యాదు తక్కువగా వస్తుంది.

◆ లోతైన నీళ్లలో గొట్టం దిగేయడం కుదరదు. స్కాట్లండ్‌లోని పీటర్‌హెడ్ దగ్గర 2017లో మొదలైన హైవిండ్‌లో ఐదు టర్బైన్లూ తేలుతున్నాయి. నిలువునా 253 మీటర్లు. అందులో 78 మీటర్లు నీటి కింద, అడుగున బరువులతో. మూడేసి గొలుసులు, లంగర్లు. నార్వే ఫియర్డ్‌లో బిగించి, నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉత్తర సముద్రం దాటించి లాక్కొచ్చారు. 2024లో భారీ మరమ్మతులకు ఒక్కొక్కటిగా మళ్లీ నార్వేకే లాక్కెళ్లారు. హైవిండ్‌ను కట్టిన కంపెనీయే తర్వాత పెట్టిన హైవిండ్ టాంపెన్‌లో 11 టర్బైన్లున్నాయి. అవి కరెంటిచ్చేది ఊళ్లకు కాదు, సముద్రంలో చమురు తోడే ప్లాట్‌ఫామ్‌లకు. నవ్వాలో మెచ్చుకోవాలో మీ ఇష్టం.

◆ ఒక్క టర్బైన్ ఒక్క రోజులో 3 లక్షల 84 వేల యూనిట్లు: చైనాలోని ఫుజియన్ తీరంలో 2023 సెప్టెంబరు 1న నమోదైన రికార్డు ఇది. యంత్రం 16 మెగావాట్లది, ఆరోజు దగ్గర్లో తుఫాను. గుణించి చూడండి, ఇరవై నాలుగు గంటలూ పూర్తి సామర్థ్యంతో తిరిగినట్టే. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లయితే 1,900 పైచిలుకు ఇళ్లకు నెలంతా సరిపోతుంది. అయితే తుఫాను ఇలా పక్కనుంచి పోతేనే లాభం. గంటకు 90 కిలోమీటర్లు దాటితే మామూలుగా టర్బైన్ రెక్కల్ని గాలికి అంచువైపు తిప్పేసి ఆగిపోతుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పటి గాలి దానికి రెట్టింపు. రెట్టింపు వేగమంటే నాలుగు రెట్ల తోపుడు. తూర్పు ఆసియాలో తుఫాన్లకు తట్టుకునే యంత్రాల్ని ప్రత్యేకంగా చేయడం అందుకే.

◆ మన దేశం సంగతి. సముద్రపు గాలి విద్యుత్ విధానం 2015లో వచ్చింది. 2017లో గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లైడార్ పెట్టారు. లేజర్ కాంతిని పైకి కొట్టి, గాలిలోని ధూళి కణాల నుంచి తిరిగొచ్చేదాన్ని బట్టి వేగం కొలిచే పరికరమది. గుజరాత్‌లో ఎనిమిది, తమిళనాడులో ఎనిమిది ప్రాంతాలు గుర్తించారు. దేశంలో బలమైన సముద్రపు గాలి కన్యాకుమారి, రామేశ్వరం వైపున ఉంది. మన కోస్తా తొలి జాబితాలో లేదు: బంగాళాఖాతంలో మనవైపు సగటు గాలి తక్కువ, వస్తే తుఫానుగా వస్తుంది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయలు ఆమోదించింది. రెండు రాష్ట్రాల్లోనూ 500 మెగావాట్ల చొప్పున తోటలకూ, 600 కోట్లు రెండు రేవుల అభివృద్ధికీ. ఇది రాసేనాటికి మన సముద్రంలో గ్రిడ్‌కు కరెంటిచ్చే తోట ఒక్కటీ లేదు.

తమాషా ఏమిటంటే, యూరప్ సముద్రపు టర్బైన్లలో కొన్ని ఒక కాలంలో మనవాళ్ల కంపెనీవే. పుణెకు చెందిన సుజ్లాన్ 2007లో జర్మనీ కంపెనీ రీపవర్‌ను చేజిక్కించుకుంది. ఆ కంపెనీ 5 మెగావాట్ల యంత్రాలే బెల్జియంలోని థార్న్‌టన్ బ్యాంక్‌లోనూ, జర్మనీ తొలి తోట ఆల్ఫా వెంటుస్‌లో సగం స్థానాల్లోనూ నిలబడ్డాయి. అప్పుల భారంతో సుజ్లాన్ ఆ కంపెనీని 2015లో అమ్మేసింది.

◆ ఇక స్కాట్లండ్‌లో ఎబర్డీన్ తీరం. డొనాల్డ్ ట్రంప్ అక్కడ గోల్ఫ్ మైదానం కట్టుకున్నాడు. ఎదురుగా సముద్రంలో 11 టర్బైన్లు వస్తాయని తెలిసి, ఆటగాళ్లకు దృశ్యం చెడుతుందని కోర్టుకెక్కాడు. కేసు మెట్టు మెట్టూ ఎక్కి 2015 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టులో వీగిపోయింది. 2018లో పదకొండూ తిరగడం మొదలెట్టాయి. స్కాట్లండ్ ప్రభుత్వానికైన కోర్టు ఖర్చులు కూడా ట్రంప్ కంపెనీయే కట్టాలని 2019లో మరో తీర్పొచ్చింది. గోల్ఫ్ ఆట మాత్రం ఇప్పటికీ సాగుతోంది.